అరికాలు చూసే పని

ఆ పని కరుణశ్రీకి అప్పగించింది డాక్టర్ సునీల. రోజూ సాయంత్రం భర్త ఎజ్రా మాస్టారి పాదాలు రెండూ వెలుతురులో చూడాలి. వేళ్ళ సందుల్లో కూడా.

"ఈయన కాళ్ళకి స్పర్శ పోయిందమ్మా. మేకు దిగినా తెలీదు. తనే వంగి చూసుకుందామన్నా షుగరు కళ్ళనీ పట్టేసింది. చిన్న పొక్కు కనిపించినా ఆ రోజే తీసుకురండి. ఈయన కాలు మీ చేతిలో ఉంది."

తెనాలి ఆస్పత్రి నుంచి ఇంటికి, రేపల్లె వెళ్ళే రైల్లో మాస్టారు ఆ మాట తలుచుకుని నవ్వాడు. "దీని చేతిలో పెట్టింది చూడండి! ఇది చూసి, లేచి, నోరు తెరిచి చెప్పేలోపు నేను బాపట్ల దాకా నడిచెళ్ళి రావచ్చు."

ఎదుటి సీటాయన నవ్వాడు. కరుణశ్రీ కూడా నవ్వింది.

ఆమెది థైరాయిడ్. పరీక్ష చేయించక ముందు ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో దాని పేరు బద్ధకం. ఒళ్ళు ఉబ్బింది, జుట్టు రాలింది, ఎండాకాలంలోనూ చలేసేది, గొంతు బొంగురుపోయింది. జబ్బు బయటపడ్డాక కూడా మాస్టారు మాట మార్చలేదు. "సోమరితనానికి ఇంగ్లీషు పేరు పెట్టి ఫీజు గుంజారు" అని బడిలో తోటి టీచర్లకు చెప్పేవాడు. మాత్రలతో ఓపిక తిరిగి వచ్చింది. గొంతు రాలేదు. ఒక ఆదివారం చర్చిలో కీర్తన నడుమ, ముందు వరుసలో ఉన్న ఆయన వెనక్కి తిరిగి, అందరూ చూస్తుండగా పెదవుల మీద వేలు పెట్టుకుని ఆమె వైపు చూశాడు. చిన్నప్పటి నుంచి క్వయర్‌లో ముందు నిలబడి పాడిన మనిషి ఆమె. నోరు మూసుకుంది. మళ్ళీ పాడలేదు.

మే నెల వచ్చింది. చెప్పులు గేటు దగ్గర విడిచి, కాలిపోతున్న సిమెంటు ఆవరణ దాటి చర్చిలోకి వెళ్ళాలి. ఉత్త కాళ్ళతో నడవొద్దని డాక్టర్ చెప్పింది. "సంఘపెద్దని, నేనే చెప్పులేసుకెళ్తే ఎలా?" అన్నాడు మాస్టారు. తక్కినవాళ్ళు గంతులేస్తూ దాటారు. ఆయనొక్కడే హుందాగా నడిచాడు.

ఆ సాయంత్రం కుడి బొటనవేలి కింద పొక్కు కనిపించింది. నీరు నిండి నున్నగా ఉంది. ఆమె చెప్పబోయింది.

"ఏంటి, కూర్చునే నిద్రపోయావా? చూడ్డానిక్కూడా ఓపిక లేదా, మొద్దూ?"

"ఏమీ లేదండి," అంది.

అన్నాక గాని అది అబద్ధమని ఆమెకు తోచలేదు. మర్నాడు పొక్కు చిట్లింది. ఇవాళ చెబితే నిన్న ఏం చేశావంటాడు. ఆ భయం నిజమే. కానీ భయం అడుగున ఇంకొకటి ఉంది. ఆకలి తీరుతున్నట్టుండే హాయి. ఇన్నేళ్ళూ ఆమె ఒంటి సంగతి ఆమె కన్నా ఆయనకే బాగా తెలిసినట్టు మాట్లాడాడు. ఇప్పుడు ఆయన ఒంటి సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు.

పుండును తడిగుడ్డతో మెత్తగా తుడిచేది. ఇవాళ ఎగతాళి చెయ్యకపోతే చెప్పేస్తానని తనలో తను పందెం కాసేది. ఆయన ఎగతాళి చేసేవాడు. ఆమెకు ప్రాణం కుదుటపడేది.

ఒక సాయంత్రం ఆయన నీరసంగా ఉన్నాడు. "కింద కూర్చోలేకపోతున్నావు కదే. పీటేసుకో," అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు. ఆమె పీట తెచ్చుకుని కూర్చుంది. పుండు అంచులు నల్లబడ్డాయి.

"ఏమన్నా ఉందా?"

"ఏమీ లేదండి."

ఇక ఆయన మీద నెట్టడానికి ఏమీ మిగలలేదని అప్పుడు ఆమెకు తెలిసింది. తెలిసినా ఆ కాలికి సాక్సు తొడిగింది.

తర్వాత జ్వరం వచ్చింది. "ఇంట్లో ఎక్కడో ఎలుక చచ్చింది, వెతకవే," అన్నాడు. ఆమె బీరువా కింద వెతికింది.

వణుకు మొదలయ్యాక తెనాలి తీసుకెళ్ళారు. డాక్టర్ సునీల కట్టు విప్పినట్టు సాక్సు తీసి చూసింది. చీము ఎముక దాకా వెళ్ళింది. ముందు సగం పాదం తీసెయ్యాలంది.

"రోజూ చూడమన్నాను కదమ్మా?"

ఆమె కన్నా ముందు మాస్టారు అందుకున్నాడు. "రోజూ చూస్తుందండి, ఒక్కపూట మానలేదు. దాన్నేమీ అనకండి డాక్టరుగారూ. థైరాయిడ్ మనిషి కదా, పాపం. ఆ జబ్బుకి బుర్ర మందగిస్తుందంట. దాని తప్పేముంది?"

ఆయన నోట ఆమెది జబ్బు కావడం అదే మొదలు. కరుణశ్రీకీ మందులు రాసేది ఆ డాక్టరే. ఆమె ఫైలు తెరిచింది. కిందటి నెల రిపోర్టు చూసింది.

"మీ థైరాయిడ్ చాన్నాళ్ళుగా అదుపులోనే ఉందమ్మా," అంది మెల్లగా.

కరుణశ్రీ కింద పడ్డ సాక్సు తీసి మడతపెట్టింది.

ఆపరేషన్ అయ్యాక, రెండో కాలు చూడటానికి రేపల్లెలో ఒక నర్సును మాట్లాడదామంది డాక్టర్.

"ఇంట్లో మనిషి ఉండగా బయటివాళ్ళెందుకండి?" మాస్టారు దుప్పటి కిందనుంచి ఎడమ కాలు భార్య వైపు చాపాడు. "చూసి చెప్పవే."

వేళ్ళ సందులన్నీ విడదీసి చూసింది. పాదం శుభ్రంగా ఉంది.

"ఏమీ లేదండి," అంది.

డాక్టర్ మంచం దగ్గరికి వచ్చి, వంగి, తనే మళ్ళీ చూసింది.