గుండు కొట్టించుకున్న పిస్టన్

నేను ఒక పిస్టన్‌ని. నా నెత్తి చూసి గిన్నె అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల తప్పేమీ లేదు. ఒకప్పుడు నాకూ నిండైన తల ఉండేది. అది ఎలా పోయిందో చెప్పడానికే ఈ కథ. గొప్ప చెప్పుకోవడానికి ఇందులో పెద్దగా ఏమీ లేదు కాబట్టి మీరు ధైర్యంగా వినవచ్చు.

సత్తు కరిగించి అచ్చులో పోస్తే పుట్టాను. ముందు జన్మలో నేను ఎవరింటి పాలగిన్నెనో అయి ఉంటానని అచ్చు పోసేవాళ్లు నవ్వుకున్నారు. నాకు కోపం వచ్చింది. నన్ను, నాలాంటి మరి ఇద్దరిని కలిపి ఒక చిన్న డీజిల్ ట్రాక్టరు ఇంజన్లో పెట్టారు. అప్పటి నుంచి మేం ముగ్గురం అన్నదమ్ములం. నేను నడిమివాణ్ని. నడిమివాళ్లకు ఉండే పొగరంతా నాకుంది.

మా పని గాలిని పట్టుకుని నొక్కడం. గట్టిగా నొక్కితే గాలి నిప్పులా కాగుతుంది. సరిగ్గా అప్పుడు డీజిల్ తుంపర పడితే భగ్గుమంటుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు, ఎవరి సాయమూ అక్కర్లేదు. మంట పుట్టించేది నేనే, చక్రాలు తిప్పేది నేనే, రావులకుంట చేలన్నీ దున్నేది నేనే అనుకునేవాణ్ని. స్టీరింగు పట్టుకున్న ఆదెమ్మ నాకు లెక్కలోకి వచ్చేది కాదు.

ఆదెమ్మ ఆ ట్రాక్టరుకు యజమాని. భర్త పోయాక డ్రైవింగ్ నేర్చుకుంది. ఊళ్లోవాళ్ల చేలు దున్ని, తన చేను తాను విత్తుకుని బతికేది. తమ్ముడు మాలకొండయ్య ఆమె దగ్గరే ఉండేవాడు. మనిషి మంచివాడే గాని, ఎవరన్నా ఒక మాటంటే అది అరిగేదాకా అన్నం అరగదు.

ఆ మాట అన్నది తిరపతయ్య. అతనికి ఒంగోలు గిత్తల జత ఉంది. ఏటా కార్తీక పౌర్ణమి తిరునాళ్లలో బండలాగుడు పోటీలో గెలుపు ఆ జతదే. ఆ ఏడు ఎద్దుల పోటీ అయ్యాక ట్రాక్టర్లతోనూ బండ లాగించాలని కమిటీవాళ్లు అనుకున్నారు. ఆ సంగతి విని తిరపతయ్య టీ బంకు దగ్గర నవ్వాడట.

"ఆదెమ్మక్క ట్రాక్టరు బండేం లాగుద్ది? దాన్నే మా గిత్తలు లాగాల!"

మాలకొండయ్య టీ గ్లాసు అక్కడే పెట్టేసి, ట్రాక్టరెక్కి నేరుగా మెకానిక్ మౌలాలి షెడ్డుకు వచ్చాడు. మౌలాలి పాత వ్యాను నుంచి తీసిన టర్బో ఒకటి గోనెసంచిలో దాచుకుని ఉన్నాడు. టర్బో అంటే ఒక చిన్న పంకా. ఇంజన్ వదిలే పొగతో తిరుగుతూ, బయటి గాలిని బలవంతంగా మా నోట్లో కుక్కుతుంది. గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ పోయవచ్చు, బలమూ ఎక్కువవుతుంది.

"పెడితే లాగుద్దన్నా," అన్నాడు మౌలాలి. "కానీ ఈ పిస్టన్లు ఇప్పటికే గాలిని పీక పిసికినట్టు పిసుకుతుండాయి. పైనుంచి టర్బో ఇంకింత కుక్కిందనుకో, ఇంజన్ మీది హెడ్డు లేచి ఆకాశానికి పోద్ది. అందుకని ఈటి నెత్తిన గుంత కాస్త పెద్దది జేసి, పైన కొంచెం చెక్కాల. నొక్కుడు తగ్గుద్ది. అప్పుడు ఎంత గాలి తోసినా ఓర్చుకుంటాయి."

"మరి స్టార్టవుద్దా?"

"చలి పూట కొంచెం సతాయిస్తాది."

"ఎంత?"

"కొత్తల్లుడంత."

మాలకొండయ్య నవ్వాడు. "అయితే బాగా చెక్కు."

"కొంచెం తీస్తే చాలన్నా. ఆడోళ్లు మొక్కుకి మూడు కత్తెర్లు ఇవ్వరా, అట్టా."

"మూడు కత్తెర్లకి దేవుడు ఒప్పుకుంటాడేమో గానీ తిరపతయ్య ఒప్పుకోడు. గుండే కొట్టు!"

అలా నా తల లేత్ మిషన్ మీదికెక్కింది. మా ఊరివాళ్లకు మొక్కంటే పూర్తిగా తీర్చాలి. సగం మొక్కు తీర్చడం కంటే మొక్కుకోకపోవడం మేలంటారు. ఆ నియమం ఇంజన్ సామానుకు వర్తించదని ఎవరూ చెప్పలేదు. మౌలాలి రెండోసారి చెప్పబోయి, గిరాకీ మొహం చూసి ఊరుకున్నాడు. నా నెత్తిన చిన్న గుంట ఉండేచోట పెద్ద గిన్నె తేలింది. నేల మీద రాలిన నా సత్తు పొట్టు మిలమిలా మెరుస్తుంటే, అందంగానే ఉన్నాను కదా అనుకున్నాను. నాదీ మాలకొండయ్యదీ ఒకే రకం బుర్ర.

ఆదెమ్మకు సంగతి తెలిసేసరికి పని అయిపోయింది. ఆమె అరవలేదు.

"సరేలే. తుపాను వానకి చేను పదునుమీదుంది. ఈ పొడి ఈదరగాలికి ఆ తడి ఎక్కువ దినాలు నిలవదు. తిరునాళ్లయిన తెల్లారే శనగ ఎయ్యాల. పదును పోయినాక గింజేస్తే అది కోళ్లకే. పొద్దు పొడిచే లోపల బండి చేలో ఉండాల, తెలిసిందా?"

"ఉంటదక్కా. గాలిలా పోయి గాలిలా వస్తా."

తిరునాళ్ల రోజు సన్నటి తుంపర. మాలకొండయ్య తెలివిగా పొద్దున్నుంచీ ఇంజన్ ఆపలేదు. మౌలాలి పక్కనే నిలబడి, పురిటింటి ముందు మొగుడిలా అటూ ఇటూ తిరిగాడు. మా వంతు వచ్చింది. పూజారి హారతి పళ్లెంతో వచ్చాడు.

"ఇంజన్ ఆపండి నాయనా."

"ఆపితే కష్టం సామీ!"

"ఎద్దులు కూడా హారతప్పుడు నిమ్మళంగా నిలబడతాయి. ఇది ఎద్దుల కంటే గొప్పదా? మంత్రం ఎవరికీ ఇనపడకపోతే ఎట్టా?"

మొక్కు పూర్తిగా తీర్చాలన్న మనిషి హారతి వద్దంటాడా? ఆపాడు. హారతి తొందరగానే అయింది. కానీ ఇంజన్ చప్పుడు ఆగిందని గమనించిన కమిటీవాళ్లు, మైకు బాగా వినిపిస్తోంది గదా అని పెద్దలకు శాలువాలు కప్పడం మొదలుపెట్టారు. ఒక్కొక్క పెద్దకూ రెండు మాటలు మాట్లాడాలనిపించింది. పైన తుంపర పడుతూనే ఉంది. లోపల మేం మెల్లగా చల్లబడ్డాం.

తర్వాత మాలకొండయ్య తాళం తిప్పాడు. నేను పైకి లేచి గాలిని నొక్కాను. నా తలలో చోటు మరీ ఎక్కువైంది, గాలి హాయిగా సర్దుకుని కూర్చుంది. టర్బో తిరగాలంటే పొగ రావాలి, పొగ రావాలంటే మంట పుట్టాలి. మంటేమో నా చేతుల్లోంచి జారిపోయింది. ఊరందరికీ వండే గాడిపొయ్యి మీద ఒకడికి కాఫీ కాచినట్టుంది నా పరిస్థితి. కాలని డీజిలంతా తెల్లటి పొగై, కొత్త శాలువాల మీదికి పోయింది.

"పొగాకు ఆరబెట్టే బ్యారనా ఏందిరా అది!" అని జనంలోంచి ఎవరో అరిచారు.

బ్యాటరీ మూలగడం మొదలయ్యాక తిరపతయ్య తాడు పట్టుకుని వచ్చాడు. గిత్తల్ని ట్రాక్టరు ముందు కట్టాడు. అదిలించాడు. ఎద్దులు ట్రాక్టర్ని లాగుతూ పరుగెత్తుతుంటే, బలవంతంగా తిరిగి తిరిగి, చివరికి నాలో కాస్త వేడి పుట్టింది. భగ్గుమన్నాం. టర్బో ఈల వేసింది. గాలి వరదలా వచ్చిపడింది. ఆ తర్వాత బండని ఎట్లా లాగామంటారా? కాగితం ముక్కని లాగినట్టు గీత దాటించాం. ఆ కాసేపూ నేనే దేవుణ్ని.

మైకాయన అన్నాడు. "బండని లాగింది ట్రాక్టరు. ట్రాక్టర్ని లాగింది గిత్తలు. కాబట్టి మొదటి బహుమతి ఎవరికివ్వాలో మీరే చెప్పండి!"

జనం చెప్పారు. మాలకొండయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు.

తెల్లారి చలి ఇంకా ఎక్కువైంది. ట్రాక్టరు వెనక విత్తనం గొర్రు కట్టి ఉంది, శనగ బస్తాలు గట్టు మీదున్నాయి. ఆదెమ్మ తాళం తిప్పింది. తెల్లపొగ. మళ్లీ తిప్పింది. బ్యాటరీ దిగిపోయేదాకా నేను చేయగలిగిందల్లా చేశాను. నాకు చేతనైంది చాలా తక్కువని ఆ పొద్దున అర్థమైంది. ఆదెమ్మ దిగి, మట్టి పిడికిట్లోకి తీసుకుని నొక్కింది. ఉండకట్టిన మట్టి అంచుల్లో అప్పుడే పొడిపొడిగా రాలింది.

ఆమె తమ్ముడి వైపు చూడలేదు. తిరపతయ్య ఇంటికి నడిచింది.

"ఏందక్కా, ఈ రోజూ బండి లాగాల్నా?" అన్నాడతను నవ్వుతూ. ఆమె పిడికిట్లో మట్టి చూసి నవ్వాపేశాడు. "మెత్తటి చేలో లాగితే బండి చక్రం జారుద్దే గానీ ఇంజన్ తిరగదు. నీళ్లు తాపి గిత్తల్నే తోలుకొస్తా, నువ్వు పద."

ఎద్దులు నా పనంతా చేశాయి. ఈల వేయలేదు, పొగ వదల్లేదు. కానీ ఎద్దులు ఎద్దులే. మర్నాడు కూడా తోలినా, చేనులో పడమటి చెక్కకు వచ్చేసరికి పదును పోయింది. అయినా వేశారు. మిగతా చేనంతా పచ్చగా లేచింది, ఆ చెక్క మాత్రం మొలవలేదు. దూరం నుంచి చూస్తే చేను నెత్తిన నాలాంటి గుండు.

మౌలాలి మాకు బదులు నిండు తలలున్న కొత్త పిస్టన్లు వేశాడు. కోసిన సత్తు తిరిగి అతకదు కదా. మా పెద్దాడు పాత సామాన్ల కుప్పలోకి పోయాడు. చిన్నాడు మౌలాలి షెడ్డులో నట్లు పెట్టుకునే డబ్బీ అయ్యాడు. నన్ను మాత్రం ఆదెమ్మ ఒళ్లో వేసుకుని ఇంటికి తెచ్చి, చేనువైపు కిటికీలో పెట్టింది. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు.

ఒక సాయంత్రం అక్కాతమ్ముళ్లు అన్నానికి కూర్చున్నారు, కరెంటు పోయింది. ఆదెమ్మ నన్ను అందుకుంది. నా నెత్తి మీది గుంతలో ఆముదం పోసింది, వత్తి వేసింది, అగ్గిపుల్ల గీసింది. ఒకప్పుడు అగ్గిపుల్ల అక్కర్లేదని విర్రవీగినవాణ్ని కదా, తల వంచుకోవాలనిపించింది. వంచితే ఆముదం ఒలుకుతుందని ఊరుకున్నాను.

"బాగానే పట్టిందిరా చమురు," అంది ఆదెమ్మ. "మౌలాలి చెప్పినట్టు మూడు కత్తెర్లతో వదిలేసుంటే పట్టేది గాదు."

ఆ చెక్క మొలవని నాటి నుంచి ఆమె అతనితో నవ్వుతూ మాట్లాడటం అదే మొదలు.

చేను మీదినుంచి ఈదరగాలి వచ్చింది. నా మంట రెపరెపలాడి, ఒక పక్కకు వాలిపోయింది. మాలకొండయ్య గబుక్కున లేచి, ఎంగిలి చెయ్యి నాకు అడ్డం పెట్టి, రెండో చేత్తో కిటికీ రెక్క మూశాడు. ఎక్కువ గాలి పట్టాలని నా తల కోయించిన మనిషి అతనే.