మూడొందల యాభై వాట్లు

పొద్దు పొడిచేలోపే చిన్నక్క పద్నాలుగో వరుసలో సోలార్ ప్లేట్లు కడుగుతోంది. పొడవాటి కర్రకు బ్రష్షు, భుజాన నీళ్ల పైపు, పిక్కలదాకా ఎగదోపిన చీర, దానిమీద మగవాళ్ల చొక్కా. యాభై ఆరేళ్ల మనిషి. నీళ్లలో నానీ నానీ అరచేతులు తెల్లగా ముడుచుకుపోయాయి. ఎండెక్కాక చన్నీళ్లు పడితే అద్దం బీటలిస్తుందని కడగడమంతా తెల్లవారుజామునే. ఇదే నేలలో ఇరవై ఏళ్లు ఆమె శనక్కాయ చేలకు కలుపు తీసింది. అప్పుడు మబ్బుకోసం మొగమెత్తి చూసేది, ఇప్పుడు మబ్బు పడితే తిట్టుకుంటోంది. ఏం చోద్యమో!

కంట్రోల్ రూం గోడమీది బోర్డులో ఎర్ర అంకెలు వెలిగాయి. 0.35.

"సూరప్ప ఇంకా ఆవులిస్తాండాడు," అంది చిన్నక్క, అప్పుడే పొడుస్తున్న పొద్దువైపు చూస్తూ. తోటి ఆడవాళ్లు నవ్వారు. రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు. మిట్టమధ్యాహ్నం పద్దెనిమిది దాటే బోర్డులో సున్నా పాయింటు ముప్పై ఐదు ఎవరికి లెక్క?

ఆ నవ్వే నాలుగు నెలల కిందట ఆమె కొంప ముంచబోయింది.

ఆమె పెనిమిటి నరసింహప్ప ముప్పై ఏళ్లు కంకర మిషను దగ్గర దుమ్ము తిన్నాడు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయన్నారు డాక్టర్లు. ముదిగుబ్బ చర్చివాళ్లు, పుణ్యాత్ములు, ఆక్సిజన్ మిషను ఒకటి వాడుకోమని ఇచ్చారు. కరెంటు ఉన్నంతసేపే అది ఊపిరి. దాని వెనక రేకుమీద 0.35 అని ఉంది. చిన్నక్కకు అంకెలు తెలుసుగానీ పక్కనున్న ఇంగ్లీషు అక్షరాలు తెలియవు. "ఓస్, ఇంతేనా! మా సూరప్ప ఆవులింతంత," అనుకుని ఇంట్లో ఉన్న రెండొందల వాట్ల ఇన్వర్టరుకు తగిలించి పనికి పోయింది. కరెంటు పోగానే ఇన్వర్టరు కుయ్యిమని ఆగిపోయింది. పక్కింటి చౌడమ్మ వీపు నిమురుతూ కూర్చోబట్టి, అరగంటకు కరెంటు రాబట్టి మనిషి దక్కాడు.

మర్నాడు ఇంజనీరు లహరి దగ్గర చెప్పుకుని ఏడ్చింది. కొత్తచెరువు పిల్ల, కూతురంత వయసు. పుల్ల తీసుకుని నేలమీద రాసి చూపింది.

"బోర్డుమీద ఉండేది మెగావాట్లు, చిన్నక్కా. మీ మిషను మీద ఉండేది కిలోవాట్లు. మెగా నుంచి కిలోకు రావల్లంటే చుక్కను మూడంకెలు కుడికి జరపల్ల. కిలో నుంచి వాట్లకు ఇంకో మూడంకెలు. మీ మిషనుకు మూడొందల యాభై వాట్లు కావల్ల. బోర్డుమీద అదే అంకె ఉంటే, అట్లాంటి మిషన్లు వెయ్యి నడుస్తాయి."

"వెయ్యి మందికి ఊపిరా?" చిన్నక్క నోరు వెళ్లబెట్టింది. "ఆ ఆవులింతకేనా తల్లీ?"

ఆ ఆదివారమే లహరి తమ ఇంట్లో ఊరికే పడివున్న ఏడొందల వాట్ల ఇన్వర్టరు, పెద్ద బ్యాటరీ ఆటోలో వేసుకొచ్చి తానే బిగించి పోయింది. కన్నబిడ్డ కూడా చెయ్యదంత సాయం. ఒక్కో ప్లేటు మూడొందల ముప్పై వాట్లట. అంటే ఇంచుమించు ఒక మనిషి ఊపిరి. అది తెలిసినప్పటినుంచి చిన్నక్క మూలల్లో ఎండిన పిట్టరెట్టను కూడా గోటితో గీకి మరీ కడుగుతోంది.

కడగడం అయ్యాక ప్లేట్లకింద గడ్డి కోసి, ఒంటిగంటకు ఇల్లు చేరింది. ఊళ్లో కరెంటు లేదు. వాకిట్లోకి రాగానే మిషను చప్పుడు వినబడి ప్రాణం కుదుటపడింది.

నరసింహప్ప దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. నెరిసిన గడ్డం రొమ్ముమీదికి వాలింది.

"ఏమయ్యా, నిద్దరపోతివా?"

చెయ్యి పట్టుకుంది. ముక్కు దగ్గరి గొట్టంలోంచి గాలి వస్తూనే ఉంది. తీసుకునేవాడు లేడు.

కేక విని చౌడమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఇందాకే గదా నా చేత్తో అంబలి తాగినాడు! ఆయాసపడ్లేదు చిన్నక్కా, సత్తెంగా ఆయాసపడ్లేదు."

చిన్నక్క ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే చేతులెత్తి దణ్ణం పెట్టింది. "గాలాడక పోగూడదని ఆ ఒక్కటే మొక్కుకున్నా. నాలుగు నెల్లు ఇచ్చినారు తల్లీ. అందురూ తలా ఒక చెయ్యేసి ఇచ్చినారు. మీ రుణం తీర్చలేను."

ఆయన ఒళ్లు చెమటతో తడిసి ఉంది. అప్పుడు తలెత్తి చూసింది. ఫ్యాను తిరగడం లేదు.

"ఫ్యాను ఏల ఆపితివి చౌడీ? మిషనుకు మూడొందల యాభై, ఫ్యానుకు డెబ్బై ఐదు. రెండూ నడుస్తాయని చెప్పింటి గదా."

"నేనాపలేదక్కా. ఆయనే ఆపమనేది. కరెంటు పోయినప్పుడల్లా అంతే." చౌడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బ్యాటరీ అయిపోతే ఎట్ల, పనినుంచి అది వాకిట్లోకొచ్చే యాళకు మిషను చప్పుడు ఇనపడల్ల, లేకుంటే దడుసుకుంటాది అనేటోడు."

మంచంమీద, ఆయన కుడిచేతి పక్కన, విసురుకోవడానికి చింపుకున్న అట్టముక్క పడి ఉంది, పట్టుకున్నచోట నాలుగు వేళ్ల మేర నల్లగా మెత్తబడిపోయి.