ఏడంగుళాల ఎండ

టైలరమ్మకు ఆ రోజు మూడు గంటలకు భూగోళం పరీక్ష. రాసేది కాదు, మేడమ్ ఎదుట కూర్చుని నోటితో చెప్పేది. రెండుసార్లు తప్పింది, ఇదే ఆఖరి అవకాశం. గట్టెక్కితే పదో తరగతి సర్టిఫికెట్ చేతికొస్తుంది. అదుంటే కుట్టు శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పే ఉద్యోగం ఇస్తామన్నారు. నలభై ఆరేళ్ల వయసులో పదిమందికి పాఠం చెప్పాలని ఆవిడకు కొండంత ఆశ.

రెండుసార్లూ ఒకే ప్రశ్న ముంచింది. పొద్దుటి ఎండ కంటే మధ్యాహ్నపు ఎండ ఎందుకు చురుక్కుమంటుంది? మొదటిసారి "సూర్యుడు దగ్గరికొస్తాడు కనక" అని ఠక్కున చెప్పి నాలిక కరుచుకుంది. రెండోసారి పుస్తకంలో ముక్క అప్పజెప్పింది: "ఏటవాలు కిరణాలు ఎక్కువ వైశాల్యంలో పరుచుకుంటాయి." "అంటే?" అన్నారు భూగోళం మేడమ్. మళ్లీ అదే ముక్క అప్పజెప్పింది.

ఆ ముక్కే ఈ పూట కూడా జపం చేస్తోంది. కొట్లో బల్ల మీద రిబ్బను పరిచి, "ఏటవాలు కిరణాలు, ఏటవాలు కిరణాలు" అనుకుంటూ కత్తెర ఆడించింది. నోరు ఎటు పోతే చెయ్యీ అటే పోయింది.

పక్కన ఇస్త్రీ చేస్తున్న భర్త గొల్లున నవ్వాడు. "ఏమోయ్, ఇదేం కోత? తిన్నగా కొయ్యాల్సిన రిబ్బను ఏటవాలుగా కోశావు! నాలుగంగుళాల రిబ్బనుకి అంచు చూడు, ఏడంగుళాలుంది."

టైలరమ్మ టేపు పెట్టి కొలిచింది. నిజంగానే ఏడు. "రిబ్బను వెడల్పేమైనా పెరిగిందా అండీ?"

"ఎలా పెరుగుతుంది? నాలుగే."

ఆవిడ రిబ్బను చివర పట్టుకుని బల్ల మీద ఆనించింది. కోసిన అంచు మొత్తం బల్లకు తగలాలంటే రిబ్బనును పక్కకు వాల్చాల్సి వచ్చింది. "ఏమండీ! ఈ రిబ్బనే ఎండ! బల్లేమో నేల! నిటారుగా పడితే నాలుగంగుళాల నేల చాలు. వాలి పడితే అదే ఎండని ఏడంగుళాల నేల పంచుకోవాలి. పలచబడిపోదూ?"

"పలచబడుతుంది గానీ, ముందు టైము చూడు. రెండున్నర!"

రిబ్బను, కత్తెర సంచిలో పడేసుకుని పరుగో పరుగు. మెడలో టేపు ఉందన్న సంగతే మర్చిపోయింది.

పరీక్షకు వచ్చినవాళ్లలో ఆవిడదే ఆఖరి వంతు. ఆవిణ్ణి చూడగానే మేడమ్ నిట్టూర్చి అదే ప్రశ్న వేశారు. టైలరమ్మ రిబ్బను తీసింది. తిన్నగా ఒక కోత, ఏటవాలుగా ఒక కోత. రెండు అంచులూ మేడమ్ టేబుల్ మీద ఆనించి, కొలిచి, గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. మేడమ్ ఈసారి "అంటే?" అనలేదు.

"సరే, మరి చలికాలం మాటేమిటి? నడిమధ్యాహ్నం కూడా ఎండ అంత చురుక్కుమనదు కదా. అప్పుడు సూర్యుడు దూరమైపోతాడా?"

ఇది పుస్తకంలో ఎక్కడుందో టైలరమ్మకు గుర్తు రాలేదు. కళ్లు మూసుకుంటే తన కొట్టే కనపడింది.

"దూరం కాదు మేడమ్! చలికాలం మధ్యాహ్నం మా గుమ్మంలోంచి ఎండ లోపల కుట్టుమిషను దాకా వస్తుంది. ఎండాకాలం గడప కూడా దాటదు. అంటే చలికాలంలో నడిమధ్యాహ్నం కూడా ఎండ వాలే పడుతుందన్నమాట. అందుకే పలచన!"

మేడమ్ రిబ్బను చేతిలోకి తీసుకున్నారు. "తొమ్మిదేళ్లుగా బోర్డు మీద గీతలు గీసి చెబుతున్నాను. సగంమందికి ఎక్కదు" అని, యాభైకి నలభై నాలుగు వేసి కాగితం ఇటు తిప్పి చూపించారు. టైలరమ్మకు ఆనందంతో కళ్లు మసకబారాయి.

అప్పటికే మేడమ్ లేచి తలుపు తీశారు. వరండాలో, ఆ ప్రశ్న దగ్గరే తడబడ్డవాళ్లు పదిమంది దాకా దిగులుగా కూర్చుని ఉన్నారు.

"లోపలికి రండమ్మా అందరూ. మీకు మేడమ్‌గారు పాఠం చెబుతారు."

ఏ మేడమ్ వచ్చారా అని టైలరమ్మ వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.