కెమెరా కాయము

మాఘమాసారంభమున ప్రాతఃకాల హిమము గౌతమీతీర నారికేళవనముల మీదను దాళ్వా యను రెండవ పంట నాట్లతో పచ్చనైన పొలముల మీదను పలుచని తెరవలె వ్రేలాడుచుండ, ఆ తెర తొలగుటకు ముందే మండపేట పట్టణమున వీధివీధినను పెండ్లిపందిళ్ళయందు మంగళవాద్యములు మ్రోగనారంభించెను. ముహూర్తములు దట్టముగానున్న ఆ మాసమున జనులెల్లరును సంతోషపరవశులై తిరుగుచుండగా గంటి సోమేశ్వరుని హృదయము మాత్రము కలతచెంది యుండెను. పెండ్లిండ్లకు ఛాయాచిత్రములు తీయుట అతని వృత్తి. పెండ్లివారికంటె ముందుగా అతనికే కబురు పంపుదురని ఊర పరిహాసముగా చెప్పుకొందురు.

అతని కలతకు హేతువు చిత్రములలోని మసక. గడచిన కార్తీకము మొదలుకొని అతడు తీసిన చిత్రములయందు వధువుల కనురెప్పలు రెండేసియై తోచుచు తలంబ్రాలు పిండి చల్లినట్లు అలికికొనిపోవుచుండెను. అతడు లెన్సును మార్చి చూచెను. దీపముల కాంతిని హెచ్చించి చూచెను. ఫలము లేకపోగా నేరమంతయు కెమెరా బాడీ మీద మోపెను. బాడీయన ఆ వృత్తివారి పరిభాషలో లెన్సు విప్పగా మిగులు కెమెరా మొండెము. ఊరివారి వాడుకలో ఆ మాటకు శవమని అర్థము. కావుననే ఒకనాడు సోమేశ్వరుడు రాజమహేంద్రవరపు వర్తకునితో ఫోనులో బాడీ పోయినదనియు కొత్తది తెప్పింపుడనియు బిగ్గరగా చెప్పుచుండ ఆలకించిన పొరుగింటి అవ్వ, పోయినవారెవరో యని గుండెలు బాదుకొనుచు వాకిటికి పరుగెత్తుకొని వచ్చెను. అందరును కడుపుబ్బ నవ్విరి. అతని భార్య సుభాషిణి మాత్రము నవ్వలేదు.

భర్త తీసిన చిత్రములను కంప్యూటరునందు ఏరి ఆల్బములుగా కూర్చునది ఆమెయే. కాఫీ గ్లాసు అందుకొనునపుడు అతని వ్రేళ్ళు వణకుటయు చొక్కా బొత్తాములు పెట్టుకొనుటకు అద్దమునెదుట అతడు జాగు చేయుటయు ఆమె గమనించుచునే యుండెను. చెప్పవలెనని నోటివరకు వచ్చిన మాటను మింగివేయుచుండెను. ఆ చేతి నిలకడయే అతని గర్వము. దానికే లోపము వచ్చినదని కట్టుకొన్నదై ఎట్లు చెప్పును? చెప్పని పాపమునకు ఆమెయు లోలోన కుములుచుండెను.

ఇట్లుండగా సోమేశ్వరుని అక్క కుమార్తెయగు హారికకు వివాహము నిశ్చయమయ్యెను. వధువును గంపలో కూర్చుండబెట్టి మేనమామ మంటపమునకు మోసికొని వచ్చుట ఆచారము. హారికకు సోమేశ్వరుడొక్కడే మేనమామ. అతడో, తాను ఫోటోలు తీయవలసియున్నది గావున గంప మోయజాలనని అక్కతో తెగేసి చెప్పెను. ఆ మాట విని హారిక చిన్నబుచ్చుకొని ఆ పూట అన్నము ముట్టలేదట. కొత్త బాడీలు చేయి కదలినను చిత్రమును కదలనీయవని వర్తకుడు ఊరించియుండుటచే, అదియొక్కటి చేతికి వచ్చిన సమస్తమును చక్కబడునని సోమేశ్వరుడు తనకు తాను చెప్పుకొనుచుండెను. చెప్పుకొనుచునే, ఇన్నేండ్లు అన్నము పెట్టిన పాతదానిని విడువ మనసొప్పక ఒకనాడు కొందుననియు మరునాడు వలదనియు ఊగిసలాడుచుండెను.

తుదకొక అపరాహ్ణమున వర్తకుడు ఫోను చేసి, బాడీ వచ్చినదనియు సాయంకాలములోగా వచ్చి తీసికొనుమనియు తెలిపెను. సోమేశ్వరుడు ప్రయాణమగుచుండగా సుభాషిణి పాత కెమెరాను స్టాండునకు బిగించి పెరటిలోని మందారమును చిత్రించి అతనికి చూపెను. పుప్పొడి రేణువులు సైతము స్పష్టముగా పడియుండెను. స్టాండు మీద నుంచిన ఏదియైనను బాగుగనే పడునని అతడు కొట్టివేయగా, ఆమె కెమెరాను విప్పి తన చేతబట్టి మరియొక చిత్రము తీసి చూపెను. అదియు అంతే నిర్మలముగానుండెను.

"బాడీ పోలేదండీ," అని ఆమె మెల్లగా పలికెను. "మీ చెయ్యి వణుకుతోంది. ఎప్పట్నుంచో చూస్తున్నాను. చెప్పడానికి నోరు రాలేదు."

అతడు మంచముమీద కూలబడి తన చేతులను తాను చూచుకొనెను.

"నాకు తెలుసు సుభా," అని పలికెను. "కెమెరా జారితే ఇంకోటి కొనుక్కోవచ్చు. గంపలోంచి ఆ పిల్ల జారిపోతేనో?"

ఫోటోల వంకపెట్టి అతడు గంపను తప్పించుకొనుట ఎందులకో ఆమెకప్పుడు బోధపడెను. ఆమెకు దుఃఖమాగలేదు. కన్నులు తుడుచుకొని, "గంపకి రెండో పక్క హారిక వాళ్ళ బాబాయి పడతాడండీ. మీరొక్కరే మొయ్యాలని ఎవరన్నారు? ఫోటోలు నేను తీస్తాను," అనెను.

సోమేశ్వరుడు బాడీ వలదని వర్తకునకు ఫోను చేసెను. పెండ్లి కాగానే వైద్యుని చూచుటకు ఒప్పుకొనెను. అచ్చట ఏమి వినవలసివచ్చునో యను భయము దంపతులనిరువురను వదలలేదు.

ముహూర్తసమయమున మేనమామయు బాబాయియు చెరియొక ప్రక్క పట్టి గంపనెత్తిరి. సుభాషిణి పాత కెమెరాతో వెనుకకు నడచుచు చిత్రములు తీసెను. మరునాడు ఆమె ఆ చిత్రములను చూచుచు ఒకదానికడ ఆగిపోయి భర్తను పిలిచెను. అందు బాసికపు పూసలును మధుపర్కముల అంచులును బాబాయి నుదుటి చెమటయు స్పష్టముగానుండెను. హారిక కొబ్బరిబొండమును ఒడిలోనికి దింపికొని, గంప అంచును పట్టిన మేనమామ చేతిమీద గోరింట పండిన తన చేతినుంచియుండెను. ఆ రెండు చేతులు మాత్రమే, ఏ వ్రేలెవరిదో తెలియరానట్లు, ఒకే మసకగా కలిసియుండెను.