గడ్డం కొంచెం పైకి

పెరట్లో కప్ప ఉందని అత్తగారు చెబితే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. పోయిన నెల ఆవిడ కంటికి ఆపరేషన్ అయింది. అప్పటినుంచి ఆవిడ చూపుకి విలువ లేకుండా పోయింది. తీగ మీద ఆరేసిన తువ్వాలుని పక్కింటావిడ అనుకుని కాసేపు కుశల ప్రశ్నలు వేసిన మాట నిజమే. కానీ అది కట్టు విప్పిన రోజు సంగతి. ఒక్కసారి పొరబడితే ఇక జన్మంతా సాక్ష్యానికి పనికిరారా?

"క్రోటన్ కుండీలో, ఆకుపచ్చ కప్ప. కంటి చుట్టూ బంగారు గీత కూడా ఉంది" అంది పట్టుగా.

"ఆకు అయి ఉంటుంది అత్తయ్యా" అంది కోడలు మెత్తగా. "ఇలా ఆకులూ కప్పలూ కలిసిపోతుంటే, మీరొక్కరే పెరట్లోకి వెళ్ళడం నాకు భయంగా ఉంది. కొన్నాళ్ళు తలుపుకి గడియ పెట్టేద్దాం."

పొద్దున్నే ఆ మొక్కల్లో చెయ్యి పెట్టకపోతే అత్తగారికి ముద్ద దిగదు.

"ఒరేయ్, నీ కెమెరా పట్రా!" అని కొడుకుని కేకేసింది. "ఫొటో తీసి మీ ఆవిడకి చూపించు. కప్ప లేదని తేలితే నేనే గడియ వేసుకుంటాను."

కొడుక్కి వీధి చివర ఫొటో స్టూడియో ఉంది. ఏళ్ళ తరబడి పాస్‌పోర్టు ఫొటోలు తీసీ తీసీ, వెనక తెల్లగుడ్డ లేనిదే అతనికి చెయ్యి ఆడదు. వస్తూనే కుండీకి పట్టిన నాచంతా బరబరా గీకేశాడు. అడ్డొచ్చిన కొమ్మలు కట్టేశాడు. తెల్ల దుప్పటి ఇచ్చి పెళ్ళాన్ని కుండీ వెనక నిలబెట్టాడు.

"కప్పని ఏ దేశం పంపిస్తున్నావురా?" అంది తల్లి.

"వెనక శుభ్రంగా ఉండాలమ్మా. నువ్వలా కుండీ పక్కన కూర్చో, ముందు వెలుతురు చూసుకుంటాను."

ఆవిడ కూర్చుంది. "గడ్డం కొంచెం పైకి" అన్నాడు అలవాటు కొద్దీ. ఆవిడకి నవ్వొచ్చింది. కెమెరా క్లిక్‌మంది.

తర్వాత కుండీ అంతా గాలించారు. కప్ప లేదు. అంత హడావిడి చేస్తే కప్పేమిటి, ఏనుగైనా పారిపోతుంది. చేతులు లాగుతుంటే కోడలు దుప్పటి దించేసింది.

"పోనీలెండి అత్తయ్యా" అంది.

ఆ పోనీలెండి ఆవిడకి తిట్టుకంటే ఎక్కువ తగిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కనబడకుండా కొడుకు వైపు తిరిగి, "నా ఫొటో ఏదీ?" అంది.

"అది ఊరికే తీసిందమ్మా, చెరిపేస్తున్నా."

"ఆగరా. ఊళ్ళో అందరికీ తీస్తావు, నాకు తీసి ఎన్నాళ్ళయింది?"

అతను సిగ్గుపడి కెమెరా అందించాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఆ చిన్న తెరని కాసేపు చూసింది. చూసి, ఒక మూల వేలు పెట్టింది.

"ఇదేమిటి?"

కొడుకు వంగి చూశాడు. "ఏముందమ్మా అక్కడ?"

కోడలూ వంగింది. "ఆకు కదా?"

అతను బొమ్మని పెద్దది చేశాడు. నవ్వుతున్న తల్లి మోకాలి పక్కన, మొక్కలకి నీళ్ళు పోసే డబ్బా అంచు మీద, కంటి చుట్టూ బంగారు గీతతో, గడ్డం కొంచెం పైకెత్తి కూర్చుని ఉంది కప్ప.

గడియ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం కోడలు సూదీ దారం పట్టుకుని అత్తగారి దగ్గరికొచ్చింది.

"నాకు కనబడి చావడం లేదు అత్తయ్యా. కాస్త ఎక్కించి పెడతారా?"