లోపల వదిలిన గుడ్డ

ముందుగదిలో నాన్న కుట్టుమిషను, వెనకగదిలో కూతురి కంప్యూటరు. పొద్దున తొమ్మిదికల్లా రెండూ మొదలవుతాయి. ఆయన చొక్కాలు, గౌన్లు కత్తిరిస్తాడు, ఆ పిల్ల పెళ్లిళ్లు కత్తిరిస్తుంది. వీధిలో అందరికీ ఆమె దర్జీగారి కూతురే; పేరు పెట్టి పిలిస్తే తనే ఒక క్షణం ఆగి, ఎవర్నా అని చూస్తుంది.

పెళ్లి సినిమాలు తీసేవాళ్లు బోలెడంతమంది. కానీ దర్జీగారి కూతురు పెళ్లికి వారం ముందే ఆ ఇళ్లకి వెళ్లి కూర్చుంటుంది. పెళ్లికూతురు ఏ మెట్టు మీద కూర్చుని జడ వేసుకుంటుంది, పెళ్లికొడుకు ఇంట్లో ఎవరికి భయపడతాడు, అన్నీ చూసుకుని గానీ కెమెరా బయటికి తీయదు. అందుకే కాబోలు, ఆమె తీసిన సినిమాలు ఎవరూ చెయ్యి పెట్టకుండానే వాటంతటవే పెరుగుతాయి. చేతికిచ్చిననాడు అరగంట ఉన్నది ఏడాది తిరిగేసరికి ముప్పైనాలుగు నిమిషాలవుతుంది. ఒకరికి జ్వరమొస్తే ఒకరు దుప్పటి కప్పడం, కుళాయి బాగుచేయబోయి ఇద్దరూ తడిసి ముద్దవడం, ఇలాంటివే ఆ కొత్త నిమిషాల్లో కనిపిస్తాయి. "మాది గంట దాటిందండీ" అని కూరగాయల కొట్టు దగ్గర చెప్పుకుంటారు, పిల్లాడికి పళ్లొచ్చాయని చెప్పుకున్నట్టు. ఆ మాట చెవిన పడితే చాలు, ఈ పిల్ల నడకే మారిపోతుంది. గర్వం కాక మరేమిటి? ఒళ్లు వంచి పనిచేసే మనిషికి ఆ మాత్రం ఉండొద్దూ?

తీసినవాటన్నిట్లోకీ ఆమెకి ఇష్టమైనది లెక్కల మాస్టారి పెళ్లి. ఇరవైమూడు నిమిషాలు. ఒక్క వంకర లేదు, ఒక్క పొల్లు క్షణం లేదు. కొత్తగా వచ్చినవాళ్లందరికీ అదే చూపిస్తుంది.

మూడేళ్ల తర్వాత ఒక ఆదివారం ఆ మాస్టారూ, నర్సు పని చేసే ఆయన భార్యా వచ్చారు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత జాగా వదిలి చెరో కుర్చీలో కూర్చున్నారు. సినిమా ఉన్న చిన్న పెట్టెను మాస్టారు బల్లమీద పెట్టాడు.

"మేం విడిపోతున్నాం. ఇదెవరి దగ్గరుండాలో తేల్లేదు. నీ దగ్గరే ఉంచమ్మా."

"పోట్లాటలా?" అంది దర్జీ కూతురు.

"అదైనా లేదు చెల్లీ. ఇంట్లో మాటే లేదు," అంది నర్సు. "ఇదీ అంతే. నువ్విచ్చిన రోజు ఇరవైమూడు, ఇవాళా ఇరవైమూడే."

దర్జీ కూతురికి తల కొట్టేసినట్టయింది. తను తీసినది పెరగకపోవడమా!

ముందుగదిలో మిషను ఆగింది. నాన్న కళ్లజోడు పైకి తోసుకుంటూ గుమ్మం దగ్గరికొచ్చాడు.

"ఎదిగే పిల్లకి గౌను కుట్టేటప్పుడు ఏం చేస్తానమ్మా?"

"లోపల గుడ్డ వదులుతావు. తర్వాత కుట్టు విప్పి వదులు చేసుకోడానికి."

"మరి దీనికి వదిలావా?"

ఆమె మొహం చిన్నబోయింది. వదల్లేదు. అందం కోసమని అంచుదాకా కత్తిరించేసింది. గబగబా పాత ముక్కలన్నీ గాలించింది. ఒకటి దొరికింది, నలభై సెకన్లది. పెళ్లికూతురి కాటుక చెదిరిందని తీసి పక్కన పడేసిన ముక్క. దాన్ని తెరమీద వేసింది.

పెళ్లిబట్టల్లో మాస్టారు చేతి గడియారం చూపిస్తున్నాడు. "పద్దెనిమిది నిమిషాలు ఆలస్యం!"

"పదిహేడే! పెళ్లినాడు కూడా లెక్కలేనా?" అంటూ పెళ్లికూతురు ఆ గడియారం లాక్కుంది. ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. నవ్వీ నవ్వీ ఆమె కాటుక బుగ్గలదాకా కారింది.

ముక్క అయిపోయింది.

"పద్దెనిమిదే," అన్నాడు మాస్టారు మెల్లగా, తెరవైపే చూస్తూ.

"పదిహేడు. నేను గేటు దగ్గరే టైము చూసుకున్నా."

"గేటు దగ్గర చూస్తే లెక్కకి రాదు."

"ఎందుకు రాదు?"

పావుగంట వాదించుకున్నారు. దర్జీ కూతురు అడ్డు రాలేదు. ఈలోపు ఆ నలభై సెకన్లనీ పెట్టెలోని సినిమాలో వాటి చోట అతికించింది. అంత ముచ్చటైన సినిమాలో ఆ అతుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ప్రాణం ఉసూరుమంది. అయినా ఉండనీ అనుకుంది. వెళ్లేటప్పుడు పెట్టెను నర్సు తన సంచిలో వేసుకుంది. మాస్టారు ఆ సంచి అందుకుని మెట్లు దిగాడు, ఇంకా వాదిస్తూనే.

వారం తర్వాత పొద్దున్నే ఫోను మోగింది.

"ఇరవైఆరు నిమిషాల పదకొండు సెకన్లు," అన్నాడు మాస్టారు, హలో అయినా అనకుండా.

"పన్నెండు!" అని వెనకనుంచి నర్సు గొంతు.

ఫోను పెట్టేసి దర్జీ కూతురు ముందుగదిలోకి వెళ్లింది.

"ఏమంటున్నారు?" అన్నాడు నాన్న, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"పోట్లాడుకుంటున్నారు నాన్నా," అంది గర్వంగా.