నరేషన్న ఇచ్చిన చాప

ఆ పొద్దు తూర్పున మబ్బు లేసింది. నల్లగానే లేసింది గాని వాన మబ్బు కాదు. మా జమ్మలమడుగు పక్క మబ్బులు పెద్దింటి చుట్టాల మాదిరి. వస్తాయి, కాసేపు నిలబడి చూస్తాయి, పోతాయి. నేను బర్రెకు గడ్డి వేసి ఆ మబ్బునే చూస్తాంటే ఆదినారాయణ ఫోన్ చేసినాడు.

"ఖాజా మామా, బిరిన రా. చాపకు బాగలేదు."

పశువుల ఆసుపత్రిలో ముప్పై ఏండ్లు అటెండరుగా చేసి దిగినోణ్ణి. బర్రె ఈనలేకపోయినా, గొర్రెకు కడుపుబ్బినా ఊర్లో నన్నే పిలుస్తారు. నీళ్లలో ఈదే చాపకు పిలవడం అదే మొదలు.

ఆ చాప మామూలుది కాదు. పులివెందుల కాంట్రాక్టరు నరేష్ ఇచ్చింది. ఆయనకు ముప్పై ఐదేండ్లుంటాయి. అరవై దాటిన ఆదినారాయణ ఆయన్ను 'నరేషన్నా' అంటాడు. సోలారు కరెంటు ప్లాంటు పనికి మట్టి తోలే బండ్లన్నీ ఆయన చేతిలో ఉండాయి మరి. ఆదినారాయణ టిప్పర్లు రెండు ఏడాదిగా కల్లంలో నిలబడిపోయి, టైర్ల సందున కోళ్లు గుడ్లు పెడతాండాయి. వాటిని ఆ పనిలో పెట్టించాలని ఆయన చెప్పులరిగేటట్టు తిరిగినాడు. ఆరు నెలల కింద పోయినప్పుడు నరేష్ బండ్ల మాట ఎత్తకుండా, పాలిథిన్ కవర్లో ఈ చాపను పెట్టి ఇచ్చినాడు. ఫ్లవర్‌హార్న్ అంటారు. నెత్తిన బుడిపె, ఎర్ర కండ్లు, పక్కన నల్ల మచ్చలు. ఇంట్లో ఉంటే కలిసొస్తుందంట.

"బండ్లడిగితే చాప ఇచ్చినాడా?" అని ఆదినారాయణ భార్య ఈశ్వరమ్మ చాప ఇంటికొచ్చిన పొద్దే అడిగింది.

"ఊరికే ఇస్తాడా? గుర్తుండాలని ఇచ్చినాడు," అన్నాడు ఆదినారాయణ.

నేను పోయేసరికి ఇద్దరూ అద్దాల తొట్టె ముందర నిలబడినారు. చాప మూలన ఒరిగి ఉంది. తోక అంచు తెల్లబడి, పాత పంచె చిరిగినట్టు పోగులు పోగులు వేలాడతాంది. మూతి కాడ దూది అంటించినట్టు తెల్లటి పొర. గొర్రెలకు డెక్కల సందున కుళ్లు పట్టడం చూసినాను. ఇదీ ఆ జాతిదే అనిపించింది. తడి కాడ, మురికి కాడ పుట్టే రోగం.

"సూది వెయ్యి మామా," అన్నాడు ఆదినారాయణ.

"నా కాడుండేది బర్రె సూదప్పా. చాప కంటే సూది పెద్దది."

"నీకు ఎగతాళిగా ఉంది. ఆ పై ఆదివారం నరేషన్న మనింటికి భోజనానికి వస్తాండాడు. ఆయనిచ్చిన చాప ఈ వాటంగా కనపడితే నా బండ్లు కల్లంలోనే తుప్పు పడతాయి."

నేను నీళ్లు వాసన చూసినాను. అడుగున మేత కుప్ప పడి బూజు పట్టింది. అది ఎట్లొచ్చిందో నాకు తెలుసు. మా ఊర్లో ఇంటికొచ్చిన మనిషిని తినకుండా పంపరు. ఇంక నరేషన్న చాపను పస్తు పెడతారా? ఆదినారాయణతో పనుండి వచ్చిన ప్రతోడూ డబ్బాలో చెయ్యి పెట్టి పిడికెడు వేసేది, ఆయన చూసినాడా లేదా అని పక్కకు చూసేది. పెద్ద పని ఉండేవాడు రెండు పిడికిళ్లు వేసేవాడు. ఆ మర్యాదంతా అడుగున కుళ్లింది. ఇది నేను మూడు నెలల నుంచి చూస్తాండా. నన్నెవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

"నీళ్లు మురిగినాయి," అన్నాను.

ఈశ్వరమ్మకు కోపమొచ్చింది. "ఏం మాటలు మామా! పది దినాల కిందనే నీళ్లన్నీ పారబోసి అద్దాలు సబ్బు పెట్టి కడిగిస్తి. ఆ మోటారులో స్పాంజి ఉంటే, దాన్ని బండ మీద బాది బాది ఉతికితి. మల్లెపువ్వు మాదిరి వచ్చింది."

నాకు అది సరిగా తెలియదు గాబట్టి ప్రొద్దుటూరు బస్సెక్కినాను. ఇనాయతుల్లాది అక్కడ చాపల అంగడి. ఫోన్లో తీసిన ఫోటో చూసి, స్పాంజి సంగతి విని, తల పట్టుకున్నాడు.

"చాచా, ఆ స్పాంజిలో కంటికి కనపడని క్రిములుంటాయి. మురికిని తినేవి అవే. అవి మంచివి. ఆయమ్మ మంచివాటిని ఉతికి పారేసి, చెడ్డవాటికి మేత పెట్టింది."

"పెరుగుకు తోడు మాదిరా?"

"అదే! తోడు కడిగేసినారు. ఇంక పాలు విరగక ఏం చేస్తాయి?"

మందు వాడాలంటే చాపను వేరే తొట్టెలో పెట్టి, నీళ్లు కొలిచి వెయ్యాలన్నాడు. అంతకంటే ముందు నాలుగు దినాలు మేత బంద్, దినమూ మూడో వంతు నీళ్లు మార్చడం, గిద్దెడు కల్లుప్పు. "సగం రోగం వీటికే పోతుంది. నీళ్లు బాగుపడకుండా మందు పోస్తే మందు దండగ."

తిరిగొచ్చి అదే చెప్పినాను. ఆదినారాయణ నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసినాడు.

"నాలుగు దినాలు పస్తా? నరేషన్న చాపనా? ఈ మాట పులివెందులకు చేరదా?"

"చాప పోయి చెప్తుందా అప్పా?"

"ఊరుంది గదా చెప్పేదానికి!"

ఈశ్వరమ్మ ఆ సాయంత్రం ఉప్పుతో దిష్టి తీసింది. ఆ ఉప్పు తొట్టెలో వేసుంటే ఎంతో కొంత మేలయ్యేది. వీధిలో పారేసింది.

నాలుగో దినానికి చాప పక్కకు పడుకుంది. ఆదినారాయణ రెండు దినాలుగా అన్నం సరిగా తినలేదు. నన్ను వాకిలి కాడికి పిలిచి, మెల్లగా అడిగినాడు.

"ఇట్లాంటిదే ఇంకొకటి దొరుకుతుందా మామా?"

దొరికింది. ఇనాయతుల్లా అంగడిలో అదే కొలత, అదే బుడిపె. మచ్చలు మాత్రం వేరు. ఇనాయతుల్లా ఒక పాత స్పాంజి కూడా ఇచ్చి, "దీన్ని మాత్రం ఉతకొద్దని ఆయమ్మకు దండం పెట్టి చెప్పు," అన్నాడు. ఈసారి మేత డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసినారు. ఊరికి ఏం చెప్పాలో ఈశ్వరమ్మే కనిపెట్టింది. చాప ఉపవాసముందని చెప్పింది. ఊరు నమ్మింది. ఒకరిద్దరు దండం కూడా పెట్టినారు.

రోగపు చాపను బకెట్లో పెట్టి నాకిచ్చినారు. "యాడైనా పారెయ్యి మామా," అన్నాడు ఆదినారాయణ, నా ముఖం చూడకుండా.

ఇంటికి తెచ్చి నీలం టబ్బులో వేసినాను. గాలి మోటారు పెట్టినాను. ఉప్పు, కొత్త నీళ్లు, పస్తు. మాది పేదిల్లు గదా, చాపకు మర్యాద చేసేదానికి ఎవరూ రారు. మూడో దినానికి మూతి మీది దూది పోయింది. వారానికి తోక అంచున గాజు మాదిరి కొత్త తోలు లేసింది.

ఆదివారం నరేష్ వచ్చినాడు. మూడు కార్లు. నేను గోడకానుకొని నిలబడినాను. ఆయన హాల్లోకి వస్తానే తొట్టె చూసినాడు.

"ఏం ఆదినారాయణా, చాపలు కూడా సాకుతాండావా?"

ఆదినారాయణ తొట్టె కాడికి జరిగినాడు. "మీరిచ్చిందే గదన్నా."

"నేనా?" నరేష్ కాసేపు పైకి చూసినాడు. "ఓ, అదా! ఇంట్లో బండలు మారుస్తాంటే తొట్టె అడ్డమని తలా ఒకటి ఇచ్చేస్తి. అన్నీ సచ్చినాయంట. ఇదింకా బతికే ఉందే!" అద్దం కాడికి పోయి వంగి చూసినాడు. "శానా గట్టిది. వాస్తు చూసేటాయన ఇప్పుడు మళ్లీ చాప పెట్టమంటాండాడు. దీన్ని నేను తీసుకపోతా."

ఆదినారాయణ నా వైపు చూసినాడు. నిజం చెప్పేదానికి ఆయనకున్న సందు అదొక్కటే. నేను నేల చూసినాను. ఆయన కూడా నేల చూసినాడు.

భోజనాలైనంక, ఆకు నోట్లో పెట్టుకునే యాళకు, ఆదినారాయణ బండ్ల మాట ఎత్తినాడు.

"టిప్పర్లా? వేంపల్లె వాళ్లు పోయిన నెలే వాళ్ల బండ్లు పెట్టేసినారు గదా," అన్నాడు నరేష్. లేచి ఆదినారాయణ భుజం తట్టినాడు. "నీకెందుకా దుమ్ము పని? చాపను సాకేదాంట్లో నిన్ను మించినోడు లేడు. నెలకొకసారి పులివెందులకు వచ్చి మా తొట్టె చూసిపో."

"అట్లనేన్నా," అన్నాడు ఆదినారాయణ.

కార్లు పోయినాయి. చాప పాలిథిన్ కవర్లో, నరేష్ డ్రైవరు పక్క సీట్లో కూర్చొని పోయింది.

రెండు గంటలప్పుడు ఆదినారాయణ మా వాకిట్లోకి వచ్చినాడు. వడ్డించే హడావిడిలో ఆయన తినలేదు. టబ్బు పక్కన కూర్చున్నాడు. చాప పైకొచ్చి, కొత్త తోక ఆడించి, ఆయన్ను ఎర్ర కండ్లతో చూసింది. అవే నల్ల మచ్చలు. ఆయన శానాసేపు దాన్నే చూసినాడు.

మా ఇంటామె మహబూబ్‌బీ నా పక్కన ఇంకొక తట్ట పెట్టి జొన్నరొట్టె, చెనిక్కాయల పచ్చడి వేసింది. ఇద్దరం తింటా ఉంటిమి. సగం రొట్టె అయినంక ఆయన ఒక తునక తుంచి, టబ్బు మీదికి చెయ్యి చాపినాడు. నేను తల ఎత్తి చూసినాను.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకొని, ఆ తునకను తన నోట్లో పెట్టుకున్నాడు. మళ్లీ తింటా ఉంటిమి.